ఉద్యోగం మానకుండానే వ్యాపార దృష్టి: 90 రోజుల్లో ఒంటబట్టించుకునే పద్ధతి

"మా ఇంట్లో ఎవరూ వ్యాపారం చేయలేదండీ, మాకు కుదురుతుందా?" వారానికి రెండు మూడుసార్లైనా నన్ను ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు. అడిగేవాళ్లలో మా హైదరాబాద్ కూకట్‌పల్లిలో ప్రైవేటు ఉద్యోగం చేసేవాళ్లు ఉంటారు, వనస్థలిపురంలో ఇల్లు చూసుకునే గృహిణులు ఉంటారు, ఉప్పల్ వైపు ఆటో నడిపేవాళ్లు ఉంటారు. ఫోన్‌లో ఒక్కొక్కరికీ ముక్కలుగా చెబుతూ వచ్చినదాన్ని ఇక్కడ వరసగా, చేసుకుంటూ పోవడానికి వీలుగా రాస్తున్నాను.

వ్యాపార దృష్టి అనగానే చాలామందికి రాజీనామా గుర్తొస్తుంది. దానికీ దీనికీ సంబంధం లేదు. నా లెక్కలో అది నాలుగు అలవాట్లు. ఎంత పోతే తట్టుకోగలమో ముందే గీత గీసుకోవాలి. మన ఊహ కన్నా ఎదుటివాళ్ల అవసరాన్ని నమ్మాలి. ప్రతి రూపాయీ రాసుకోవాలి. ఫలానా తేదీకి నిర్ణయం తీసుకుంటానని అనుకుంటే ఆ రోజు తీసుకోవాలి. రోజుకు ఒక గంట, ఆదివారం సగం పూట కేటాయించగలిగితే 90 రోజులు చాలు.

1. ముందు ఇంటి లెక్క తేల్చండి (మొదటి వారం)

ఈ వారం ఏ వ్యాపారమా అని ఆలోచించకండి. ఒక నోటుపుస్తకం కొని ఇవి రాయండి:

- నెలకు ఇంటి ఖర్చు ఎంత? అద్దె, స్కూలు ఫీజు, పాలు, కరెంటు, మందులు అన్నీ కలిపి.
- ఈఎంఐలు, చిట్టీ వాయిదాలు, చేబదుళ్లు ఎంత?
- రేపు జీతం ఆగిపోతే చేతిలో ఉన్న డబ్బుతో ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుంది?
- వారానికి మీకు నిజంగా మిగిలే గంటలు ఎన్ని? ట్రాఫిక్‌లో పోయే టైమ్ తీసేశాకే లెక్క వేయండి.
- ఇంట్లోవాళ్లకు విషయం చెప్పారా? ఎంత డబ్బు పెడుతున్నారో అంకెతో సహా చెప్పారా?

మూడో ప్రశ్నకు జవాబు మూడు నెలల కన్నా తక్కువైతే, సరుకు కొనాల్సిన పని ఏదీ పెట్టుకోకండి. ట్యూషన్, రిపేరు, లెక్కలు రాసిపెట్టడం, పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లి తేవడం లాంటి సేవలతోనే మొదలుపెట్టండి.

తర్వాత గీత గీయాలి. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే సరస్ సరస్వతి, ఆరితేరిన వ్యాపారులు ఎలా ఆలోచిస్తారో పరిశోధించారు. ఎంత లాభం వస్తుందన్న దాని కన్నా, పోతే ఎంతవరకు తట్టుకోగలమన్నది వాళ్లు ముందు చూసుకుంటారని ఆమె గమనించారు. మనకు ఇక్కడ పనికొచ్చేది సరిగ్గా ఇదే. నా సలహా: ఈ 90 రోజులకు మీ నెల జీతంలో సగం దాటొద్దు. 30,000 జీతమైతే 15,000. ఆ అంకెను నోటుపుస్తకం మొదటి పేజీలో పెద్దగా రాసి, ఇంట్లోవాళ్ల చేత పక్కన సంతకం పెట్టించండి. సంతకం ఎందుకని నవ్వుతారు. రెండో నెలలో "ఇంకో ఐదు వేలు వేస్తే పట్టుకుంటుంది" అనిపించినప్పుడు ఆ సంతకమే మిమ్మల్ని ఆపుతుంది.

ఆ డబ్బును వేరే ఖాతాలో వేయండి. దానికి వేరే యూపీఐ క్యూఆర్ పెట్టుకోండి. కూరగాయల డబ్బు, పని డబ్బు ఒకే ఖాతాలో తిరిగితే లెక్క ఎప్పటికీ తేలదు.

ఉద్యోగంలో ఉన్నవాళ్లు అపాయింట్‌మెంట్ లెటర్ బయటికి తీసి, పక్కన వేరే పని చేయవచ్చో లేదో చదవండి. ప్రభుత్వ ఉద్యోగులకు అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదన్న ప్రవర్తనా నియమాలు ఉన్నాయి. తర్వాత టెన్షన్ పడే బదులు ముందే తెలుసుకోవడం మంచిది.

2. చేతిలో ఉన్నవి రాసుకోండి (ఒక సాయంత్రం)

నాలుగు వరసలు గీయండి: చేతనైన పనులు, తెలిసిన మనుషులు, ఇంట్లో ఉన్న వస్తువులు, మీరు రోజూ వెళ్లే దారులు. నాలుగో వరసను అందరూ వదిలేస్తారు. రోజూ ఎల్బీనగర్ నుంచి మియాపూర్ మెట్రోలో వెళ్లే మనిషికి ఆ దారిలో ఉన్న ప్రతి స్టేషనూ పైసా ఖర్చు లేకుండా సరుకు అందించే చోటు.

వనస్థలిపురంలో నాకు తెలిసిన ఒక అక్క ఉంది. ఆవిడ ఈ పనంతా చేస్తుంటే నేను దగ్గరుండి చూశాను, అందుకే ముందు ముందు ఆవిడ లెక్కలే చూపిస్తాను. మొదట ఆవిడ "నాకేం వచ్చు, వంట తప్ప" అంది. రాయించాక ఇవి తేలాయి: కంది పొడి, నల్ల కారం, కరివేపాకు పొడి. ఒక మంచి మిక్సీ. 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ దాకా రోజూ స్కూటీ మీద వెళ్లే కొడుకు.

3. జనం కష్టం వినండి (రెండో వారం)

ఐడియా కోసం యూట్యూబ్‌లో వెతకొద్దు. చెవులు తెరుచుకుని తిరగండి. ఈ వారం రోజూ కనీసం మూడు ఫిర్యాదులు రాసుకోవాలి. వాట్సాప్ గ్రూపులో, ఆఫీసు లంచ్ టైమ్‌లో, బస్టాప్‌లో, కిరాణా కొట్టు దగ్గర ఎక్కడ విన్నా సరే.

ఒక్కో ఫిర్యాదుకు నాలుగు ముక్కలు:

- అన్నది ఎవరు?
- వాళ్ల మాటల్లోనే ఏమన్నారు?
- ఇప్పుడు ఆ పని ఎలా గడుపుకుంటున్నారు?
- దానికి ఎంత ఖర్చు పెడుతున్నారు, ఎంత టైమ్ పోతోంది?

మన ఊళ్లో వినేవాళ్లకు ఇవి కొల్లలు. అమీర్‌పేట హాస్టళ్ల పిల్లలకు మెస్ కూర దిగదు. పిల్లలు విదేశాల్లో ఉన్న పెద్దవాళ్లకు ఆసుపత్రికి తోడు వచ్చే మనిషి దొరకరు. టైలర్ చెప్పిన తేదీకి జాకెట్ ఇవ్వడు. ఏసీ మెకానిక్ "వస్తున్నా" అంటాడు, సాయంత్రమైనా రాడు. ఈ చివరి రెండింటిలో కొత్త వస్తువు ఏదీ కనిపెట్టాల్సిన పని లేదు. చెప్పిన టైమ్‌కి చేస్తే చాలు, జనం డబ్బిస్తారు.

నాలుగో ముక్క చాలా ముఖ్యం. ఎంత విసుక్కున్నా దాని మీద రూపాయి గానీ గంట గానీ ఖర్చు పెట్టని మనిషి రేపు మీకూ పెట్టరు. ఆ ఫిర్యాదు కొట్టేయండి.

4. చేయకముందే డబ్బు అడగండి (మూడో వారం)

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. డబ్బు అడగడం మనకు నామోషీ. "ముందు చేసి చూపిస్తాను, నచ్చితే కొంటారులే" అనుకుంటాం. ఆ నామోషీ ఖరీదు నేనూ కట్టాను. ఒకప్పుడు బేగంబజార్‌లో 38 రూపాయల గుడ్డ సంచి 300 తీసుకుంటే 31కి వస్తుందన్నారు. ముందు ఎవరినీ అడగకుండా 300 తెచ్చాను. డబ్బిచ్చి కొన్నది 22 మంది. మిగిలిన 278 సంచుల్లో 8,600 రూపాయలు ఇరుక్కుపోయాయి. సంచికి ఏడు రూపాయలు ఆదా చేయబోయి జరిగిన నష్టం అది.

అడిగే పద్ధతి ఇది.

ముందు తెలుసుకునే ప్రశ్నలు. "ఇలాంటిది చేస్తే కొంటారా?" అని అడగొద్దు. మనవాళ్లు మొహమాటానికి "ఎందుకు కొనం" అంటారు. గడిచిపోయిన దాని గురించి అడగండి: "కిందటిసారి పొడి ఎక్కడ తెచ్చుకున్నారు? ఎంత పడింది? ఎన్ని రోజులు వచ్చింది? దాంట్లో ఏం నచ్చలేదు?" జరిగింది చెప్పేటప్పుడు మనుషులు మొహమాటపడరు.

తర్వాత అసలు మాట. వనస్థలిపురం అక్క చేత నేను పది సార్లు అనిపించి పంపిన మాట ఇది:

"వదినా, వచ్చే శనివారం కంది పొడి చేస్తున్నా. పావు కిలో 100. ఒకటి రాసుకోనా? డబ్బు ఇప్పుడే వేస్తే సరుకు తెచ్చుకుంటా. నచ్చకపోతే మొత్తం తిరిగిచ్చేస్తా."

ఈ మాటలో తేదీ ఉంది, కొలత ఉంది, ధర ఉంది, డబ్బు ఎప్పుడివ్వాలో ఉంది, వాపసు హామీ ఉంది. ఇందులో ఏది తగ్గినా ఎదుటివాళ్లు "చూద్దాంలే" అంటారు.

అడిగాక ఊరుకోండి. ఇది కష్టం. ధర చెప్పగానే మన నోరు ఆగదు, "మీకైతే 80కి ఇస్తాలెండి" అనేస్తాం. ధర చెప్పి, మనసులో పది అంకెలు లెక్కపెట్టండి.

జవాబు రాయండి. మూడు గడులు: డబ్బిచ్చారు, తర్వాత అన్నారు, వద్దన్నారు. "తర్వాత" అన్నవాళ్లను "వద్దు"లోనే కలపండి.

అక్క 20 మందిని అడిగింది. 18 మంది చాలా బాగుంటుందన్నారు, ఏడుగురు డబ్బు వేశారు. ఆ రాత్రి ఫోన్ చేసి "ఏడుగురేనా" అని బాధపడింది. నేనైతే సంతోషించాను. ఆ ఏడుగురిలో ఐదుగురు కొడుకు స్నేహితులు, ఎల్బీనగర్ చుట్టుపక్కల రూముల్లో ఉండే బ్యాచిలర్లు. అపార్ట్‌మెంట్‌లో పొగిడిన వదినలు ఇద్దరే కొన్నారు, ఎందుకంటే పొడి కొట్టుకోవడం వాళ్లకూ వచ్చు. కొనేదెవరో తెలియడానికి ఆవిడకు పట్టింది నాలుగు రోజులు, అయిన ఖర్చు సున్నా.

20 మందిని అడిగితే ముగ్గురి కన్నా తక్కువ డబ్బిస్తే, మూడో అంచెకు వెనక్కి వెళ్లి వేరే ఫిర్యాదు తీసుకోండి. ధర తగ్గించి మళ్లీ అదే మనుషుల దగ్గరికి వెళ్లకండి. చుట్టాలను ఈ 20 మందిలో కలపకండి. మేనత్త కొనేది పొడిని కాదు, మేనకోడలి మాటను.

5. ఒక్క ప్యాకెట్ లెక్క కట్టండి (అదే వారం)

అక్క నాకు చెప్పిన లెక్క: "కిలో పొడికి సరుకు, గ్యాస్, మిక్సీ కరెంటు కలిపి 210 అవుతుంది. కిలోకి నాలుగు ప్యాకెట్లు. అంటే ప్యాకెట్‌కు 52.50. 100కి అమ్మితే దాదాపు సగం లాభం." వినడానికి బాగుంది. కాగితం మీద పెట్టాం:

- సరుకు, గ్యాస్, కరెంటు: 52.50
- కవరు, లేబులు: 8
- ఇంటింటికీ ఇచ్చి రావడానికి పెట్రోలు: 15
- మాడినది, ఒలికినది, రుచికి ఇచ్చినది: 4
- ఆవిడ కష్టం: 16 ప్యాకెట్లకు 5 గంటలు, గంటకు 80 చొప్పున 400, ప్యాకెట్‌కు 25

మొత్తం 104.50. అంటే 100కి అమ్మితే ప్రతి ప్యాకెట్‌కూ నాలుగున్నర రూపాయలు ఎదురు పెడుతోంది. ఎంత ఎక్కువ అమ్మితే అంత నష్టం.

ఈ అంకెలు అప్పటివి, ఆవిడవి. మీరు మీ బజారు ధరలు వేసుకోండి. వరసలు మాత్రం ఇవే ఉండాలి, ముఖ్యంగా చివరిది. "నా కష్టానికి లెక్కేముంది, ఖాళీగానే ఉన్నాగా" అని ఆడవాళ్లు అంటుంటే నాకు కోపం వస్తుంది. రేపు ఆర్డర్లు పెరిగి మనిషిని పెట్టుకుంటే ఆ మనిషికి కూలి ఇవ్వాలా వద్దా? ఇవ్వాలి కదా. ఆ కూలి ఈ రోజు ధరలో లేకపోతే ఆ రోజు మనిషిని పెట్టుకోలేరు.

లెక్క తప్పితే దిద్దుకునే చోట్లు రెండు: ఖర్చు, ధర. అక్క రెండూ దిద్దింది. ఇంటింటికీ తిరగడం మానేసి, శనివారం సాయంత్రం 6 నుంచి 7 దాకా ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ దగ్గర కొడుకు చేత ఇప్పించింది. పెట్రోలు ప్యాకెట్‌కు 15 నుంచి 4కి దిగింది, మొత్తం ఖర్చు 93.50 అయింది. మొదటి ఏడుగురికీ చెప్పిన మాట ప్రకారం 100కే ఇచ్చి, తర్వాతి వారం నుంచి 130 చేసింది. ప్యాకెట్‌కు 36.50 మిగులు, ఆవిడ కూలి 25 వేరే. వారానికి 40 ప్యాకెట్లు పోతే చేతికి 2,460. ధర పెంచాక ఇద్దరు మానేశారు. ఆ ఇద్దరి కోసం ధర దించొద్దని గట్టిగా చెప్పాను.

6. రాతకోతలు (నాలుగో వారం)

వీటికి భయపడి ఏజెంట్లకు వేలు పోస్తున్నారు. చాలావరకు మీరే చేసుకోవచ్చు.

- తినే వస్తువైతే అమ్మేముందే ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ తీసుకోండి. ఇంట్లో చేసినా కావాలి. ఆ సంస్థదే అయిన ఫోస్కోస్ పోర్టల్‌లో చేసుకోవచ్చు. చిన్నవాళ్లకు ఫీజు ఏడాదికి 100 రూపాయలు.
- లేబులు మీద పదార్థం పేరు, ఏమేం కలిపారు, బరువు, ప్యాక్ చేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలి, మీ పేరు, చిరునామా, శాకాహార గుర్తు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉండాలి.
- ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు, 2020 జులై 1 నుంచి ఆధార్ ఆధారంగా జరుగుతోంది. పూర్తిగా ఉచితం. ఫీజు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది ప్రైవేటువాళ్లది, బయటికి వచ్చేయండి.
- సేవలు అందించేవాళ్లకు ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వస్తువులు అమ్మేవాళ్లు, ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఒకసారి అకౌంటెంట్‌ను అడగండి. ఆ ఫీజు దండగ కాదు.

రాయదుర్గంలో స్టార్టప్‌లకు తోడ్పడే టీ-హబ్, టీ-వర్క్స్ ఉన్నాయి కదా, అక్కడికి వెళ్లాలా అని అడుగుతారు. పొడులు, ట్యూషన్లు, రిపేర్లు మొదలుపెట్టడానికి అవసరం లేదు. ఏదైనా పరికరం తయారు చేయాలనుకుంటే నమూనా చేసి చూసుకోవడానికి టీ-వర్క్స్ పనికొస్తుంది. ఆడవాళ్లు 2018లో మహిళా వ్యాపారుల కోసం మొదలైన వీ-హబ్ కార్యక్రమాలు చూడవచ్చు, అది కూడా పది మంది కొన్నాక. అప్పుడైతే అడగడానికి మీ దగ్గర సరైన ప్రశ్నలుంటాయి.

7. చిన్నగా చేసి చూడండి (5 నుంచి 10వ వారం)

మొదటి మూడు వారాలు హోల్‌సేల్ వైపు వెళ్లొద్దు. పక్క కొట్టులోనే కొనండి, నాలుగు రూపాయలు ఎక్కువైనా. సరుకు ఎంత కావాలో తెలిశాకే పెద్ద బజారు.

ఎక్కడికి వెళ్లాలంటే: ప్యాకింగ్ సామాను, గిన్నెలు, కిరాణాకు బేగంబజార్. మోటార్లు, చిన్న యంత్రాలు, పనిముట్లకు రాణిగంజ్. కరెంటు సామానుకు ట్రూప్ బజార్. బట్టకు సికింద్రాబాద్ జనరల్ బజార్. పూలకు గుడిమల్కాపూర్. కూరగాయలకు బోయిన్‌పల్లి.

వెళ్లేటప్పుడు:

- కావాల్సిన కొలత రాసుకుని వెళ్లండి. దానికి మించి కొనొద్దు.
- మూడు కొట్లలో రేటు అడిగి రాసుకోండి. మొదటి రోజు కొనకుండా వచ్చేయండి.
- "మిగిలితే వాపసు తీసుకుంటారా?" అని అడగండి. అవునన్న కొట్టులో రెండు రూపాయలు ఎక్కువైనా అక్కడే కొనండి.
- బిల్లు తీసుకోండి.

ఈ ఆరు వారాల్లో ఒకటే వస్తువు, ఒకటే చోటు, ఒకటే రోజు. అక్క రెండో వారానికే నల్ల కారం కూడా పెడతానంది. ఆగమన్నాను. ఒక్క పొడి రుచి వారం వారం ఒకేలా రావడానికే ఆవిడకు నాలుగు వారాలు పట్టింది. మిరపకాయ ఒక కొట్టుదానికీ ఇంకో కొట్టుదానికీ కారం తేడా వస్తోందని మూడో వారంలో తెలిసింది. అప్పటి నుంచి ఒకే కొట్టు, తూకం రాసిన చీటీ గోడకు.

నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెడదామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. మొదటి ఏడాది పోయి చూడండి చాలు. 45 రోజుల పాటు మనిషి, సరుకు నిలబెట్టడం ఉద్యోగం చేసుకునేవాళ్ల వల్ల అయ్యే పని కాదు.

8. ఆదివారం సాయంత్రం అరగంట

వారమంతా ఏం చేసినా, ఈ అరగంట తప్పితే ఇదంతా కాలక్షేపమే. ఫోన్ పక్కన పెట్టి నోటుపుస్తకంలో ఐదు జవాబులు రాయండి:

- ఈ వారం ఎంత వచ్చింది, ఎంత పోయింది?
- మళ్లీ కొన్నవాళ్లు ఎందరు?
- ఎవరు ఏమని సణిగారు?
- మొదటి పేజీలో గీసిన గీతకు ఇంకా ఎంత దూరంలో ఉన్నాను?
- వచ్చే వారం మార్చేది ఏది? ఒక్కటే రాయండి.

రెండో ప్రశ్న మీద కన్నుంచండి. కొత్తవాళ్లు మొహమాటానికి కొంటారు, మళ్లీ కొనేవాళ్లు అవసరానికి కొంటారు.

9. అప్పు గురించి

90 రోజుల్లో అప్పు వద్దు. తర్వాత కావాల్సి వస్తే ముందు వడ్డీని ఏడాదికి మార్చి చూడటం నేర్చుకోండి. "నూటికి రెండు రూపాయలు" అంటే ఏడాదికి 24 శాతం. డైలీ ఫైనాన్స్‌లో 8,500 చేతికిచ్చి రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టించుకుంటారనుకోండి. చూడటానికి 1,500 వడ్డీ. కానీ అసలు రోజూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి, ఏడాదికి లెక్కేస్తే వంద శాతం దాటుతుంది. ఏ పొడి, ఏ చీర మీద వచ్చే మిగులూ దాన్ని మోయలేదు.

బ్యాంకులో ముద్ర రుణాన్ని (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ పథకం) శిశు విభాగం కింద 50,000 దాకా తాకట్టు లేకుండా అడగవచ్చు. వీధి వ్యాపారులకు పీఎం స్వనిధి రుణ పథకం ఉంది, 2025లో మార్చాక మొదటి విడత 15,000. మీ ఆదివారం లెక్కల పుస్తకం పట్టుకుని వెళ్లండి. మూడు నెలల అంకెలు చూపించగలిగితే మేనేజర్‌తో మాట సులువవుతుంది.

10. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే దారి

ఉద్దెర. "నెలాఖరుకు ఇస్తాలే" అన్న మాటతోనే చిన్న వ్యాపారాలు మునుగుతాయి. మొదటి నుంచీ డబ్బు ముందు. ఇప్పటికే ఉద్దెర ఇచ్చేసి ఉంటే, "కొత్త నెల నుంచి సరుకు తెచ్చే ముందే డబ్బు వేయించుకుంటున్నా, పాతది వీలైనప్పుడు సగం సగం ఇవ్వండి" అని అందరికీ ఒకే మాట చెప్పండి. ఒకరికి ఒక మాట, ఇంకొకరికి ఇంకో మాట అయితే తగువులొస్తాయి.

బోర్డు ముందు, పని తర్వాత. పేరు, లోగో, విజిటింగ్ కార్డులకు మొదటి వారమే ఐదారు వేలు పెట్టేస్తారు. 50 మంది కొనేదాకా మీ పేరూ ఫోన్ నంబరే చాలు.

నోటిమాట భాగస్వామ్యం. స్నేహితుడితో కలిసి చేస్తుంటే ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకోండి: ఎవరు ఎంత పెట్టారు, ఎవరు ఏం చేస్తారు, మిగులు ఎలా పంచుకుంటారు, ఒకరు మానేస్తే ఏం చేస్తారు. నాలుగోది రాసుకునేటప్పుడు ఇబ్బందిగా ఉంటుంది. స్నేహం బాగున్నప్పుడు రాసుకోవడమే తేలిక.

వీధి చివర వాడు చేస్తున్నాడని చేయడం. ఒక సెంటర్‌లో మండీ హోటల్ నడిస్తే ఏడాదిలో పక్కనే ఇంకో మూడు వెలుస్తాయి. మీ మూడో అంచె పుస్తకంలో లేని ఫిర్యాదుకు మీరు మందు అమ్మొద్దు.

11. వ్యాపారం వద్దనుకునేవాళ్లకు

అందరూ అమ్మాలని లేదు. ఇదే దృష్టి చేస్తున్న పనిలోనూ పెట్టుకోవచ్చు.

ఉప్పల్ వైపు ఆటో నడిపే ఒక అన్నతో వారం పాటు ప్రతి ట్రిప్పూ రాయించాను: ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత వచ్చింది, ఖాళీగా ఎన్ని కిలోమీటర్లు. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండి దాదాపు ఖాళీగా తిరుగుతోందని తేలింది. ఆ మూడు గంటలకు మనుషుల్ని వెతికాడు. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్లే ఒక పెద్దాయన, మధ్యాహ్నమే బడి వదిలే చిన్నపిల్లలున్న మూడు కుటుంబాలు దొరికాయి. నెలకు ఇంత అని మాట్లాడుకున్నాడు. కొత్తగా పెట్టింది పది రూపాయల నోటుపుస్తకం.

మెడికల్ షాపు కౌంటర్‌లో పనిచేసే ఒక తమ్ముడు, అడిగితే "లేదు" అని పంపేసిన మందుల పేర్లు నెల రోజులు రాశాడు. ఆ చీటీ ఓనరుకు ఇచ్చాడు. ఇప్పుడు సరుకు ఆర్డరు పెట్టేది అతనే, జీతమూ పెరిగింది.

మీ పనిలో చూడాల్సినవి: ఏ గంట వృథా పోతోంది, ఏ మాటకు "లేదు" అని ఎక్కువసార్లు చెబుతున్నారు, ఏ తప్పు మళ్లీ మళ్లీ జరుగుతోంది. ఒకటి ఎంచుకుని నెల రోజులు లెక్కపెట్టండి. తర్వాత పైవాళ్లకు అంకెలతో చెప్పండి.

12. 90వ రోజు

ఈ తేదీని మొదటి రోజే క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టి ఉంచాలి. ఏం చేయాలో కూడా ముందే రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే ఆ రోజు మనసు మనల్ని మోసం చేస్తుంది.

- కొన్నవాళ్లలో సగం మంది మళ్లీ కొంటూ, కూలి పోను మిగులుంటే: ఇంకో 90 రోజులు, కొంచెం పెద్దగా.
- మళ్లీ కొంటున్నారు గానీ మిగలడం లేదంటే: ఐదో అంచెకు వెళ్లి లెక్క దిద్దండి. నెల గడువు పెట్టుకోండి.
- మళ్లీ కొనేవాళ్లు లేకపోతే: ఆపేయండి. మిగిలిన డబ్బు ఇంటి ఖాతాలో వేసి, ఇంట్లోవాళ్లకు పుస్తకం చూపించండి. నెల ఆగి రెండో అంచె నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు.
- 90వ రోజుకు ముందే గీత దాటితే: ఆ రోజే ఆపాలి.

ఉద్యోగం మానాలా అన్న ప్రశ్నను ఈ రోజు ముట్టుకోకండి. వరసగా ఆరు నెలలు ఇంటి ఖర్చుకు సరిపడా మిగిలితే అప్పుడు కూర్చుని మాట్లాడుకోండి.

వనస్థలిపురం అక్కకు 90వ రోజున వారానికి 34 ప్యాకెట్లు పోతున్నాయి. 40 అనుకుంది, అందలేదు. కానీ కొన్న 41 మందిలో 26 మంది మళ్లీ మళ్లీ కొంటున్నవాళ్లే. పెట్టిన 9,000 చేతికి తిరిగొచ్చింది. ఆ రాత్రి పుస్తకంలో రెండు వాక్యాలు రాసింది: "కంది పొడి ఉంచాలి. నల్ల కారానికి 20 మందిని అడగాలి."